తాళం సంసిద్ధం

తాళం పడిన చప్పుడుకి చప్పట్లు ఆగిపోయాయి.

ఉప్పుగెడ్డపాలెం సర్పంచ్ బడే కొర్లమ్మ చేతిలో కొబ్బరికాయ ఇంకా అలాగే ఉంది. రిబ్బను కత్తిరించడం అయింది, ఫొటోలు అయ్యాయి, కొబ్బరికాయ కొట్టేలోగా తలుపులు మూసి తాళం కూడా వేసేశారు. తాళం మామూలుది కాదు. ఇత్తడిది, అరచెయ్యంత ఉంది. దాన్ని జిల్లా ఆఫీసు నుంచి ఎర్రటి వెల్వెట్ గుడ్డలో చుట్టి తెచ్చారు.

"బాబూ, తాళమేసీసినారేటి?" అంది కొర్లమ్మ.

"భద్రత కోసం అమ్మా," అన్నాడు వడ్లమాని ఇందుశేఖరం. జిల్లా వాతావరణ సంసిద్ధతాధికారి ఆయన. చలువ చొక్కా, చల్లని గొంతు.

"మరి తుపానొత్తే?"

"తుపాను వస్తే ఇంకా ఎక్కువ భద్రత కావాలి కదా!"

పక్కనున్న సిబ్బంది మెచ్చుకోలుగా తలలూపారు. కొర్లమ్మకు తల ఊపాలో వద్దో తెలియలేదు. కొబ్బరికాయను చంకలో పెట్టుకుంది.

పాలెంలో ఆ భవనాన్ని గుండుమేడ అంటారు. ఇసుకదిబ్బ మీద, లావుపాటి స్తంభాల మీద గుండ్రంగా నిలబడిన తుపాను షెల్టరు అది. ఎప్పుడో ఒక పెద్ద గాలివాన తరువాత కట్టారు. సముద్రం రంగు మారితే చాలు, పాలెం మొత్తం పిల్లాజెల్లాతో అందులోకి ఎక్కేసేది. గాలి లేని రోజుల్లో అక్కడ పెళ్ళిభోజనాలు జరిగేవి, వలలు బాగుచేసుకునేవారు, మొగుళ్ళ మీద అలిగిన ఆడవాళ్ళు చాప పరుచుకుని పడుకునేవారు. తలుపులైతే ఉండేవి గానీ, వాటికి గడియ ఎటువైపు ఉందో ఎవరికీ పట్టేది కాదు.

ఇప్పుడు దానికి కొత్త రంగు, కొత్త పేరు వచ్చాయి. 'వాతావరణ మార్పుల అనుసరణ సామాజిక వనరుల కేంద్రం' అని బోర్డు పెట్టారు. నాలుగు లారీల సరుకు లోపలికి చేరింది. నారింజరంగు లైఫ్ జాకెట్లు, టార్చిలైట్లు, తాళ్ళు, టార్పాలిన్లు, సోలార్ దీపాలు, నీళ్ళు వడకట్టే యంత్రం, గాలి కొడితే పడవయ్యే రబ్బరు మూట. ఇవి కాక 'మారే వాతావరణం, మారని మనోధైర్యం' అనే రంగుల పుస్తకాల కట్టలు.

"ఈ క్షణం నుంచీ," అని మైకులో ప్రకటించాడు ఇందుశేఖరం, "ఈ గ్రామం వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి నూటికి నూరు శాతం సంసిద్ధం!"

అప్పటిదాకా తామెంత శాతంలో ఉన్నామో తెలియని పాలెం జనం, ఎందుకైనా మంచిదని మళ్ళీ చప్పట్లు కొట్టారు.

*

నూరు శాతం అంటే ఏమిటో కొర్లమ్మకు మొదట తెలియజెప్పింది ఆమె మొగుడు గురుతులు.

వేటకు వెళ్ళేముందు ఒక జాకెట్టు అడుగుదామని వెళ్ళాడు. ఆ వేళ ఇందుశేఖరం తనిఖీకి వచ్చి ఉన్నాడు. తనిఖీ అంటే తాళం తీసి, సరుకు లెక్కపెట్టి, మళ్ళీ తాళం వెయ్యడం.

"జాకెట్టు ఇస్తే తొడుక్కుని ఎక్కడికి వెళ్తావు?" అని అడిగాడాయన, క్లాసులో ప్రశ్న అడిగినట్టు.

"సముద్రంలోకి బాబూ."

"వెళ్తే జాకెట్టు ఏమవుతుంది?"

"తడుత్తాది."

"తడిస్తే?"

"ఆరతాది."

"అది ఆరేలోగా తుపాను వస్తే? తడి జాకెట్టుతో ప్రజల్ని కాపాడమంటావా?"

గురుతులు బుర్ర గోక్కున్నాడు. "నాను పెజని కానేటి బాబూ?"

"నువ్వు లబ్ధిదారుడివి," అన్నాడు ఇందుశేఖరం ఎంతో ఆప్యాయంగా. "చూడు నాయనా. ఇచ్చిన వనరులన్నీ ఇచ్చినచోట ఇచ్చినట్టే ఉంటే దాన్ని నూరు శాతం సంసిద్ధత అంటారు. ఒక్క జాకెట్టు గుమ్మం దాటిందా, మన గ్రామం అసంసిద్ధ గ్రామమైపోతుంది. నీ ఊరికి నువ్వే అన్యాయం చేస్తావా?"

ఇంటికొచ్చి గురుతులు ఈ సంగతి చెబితే కొర్లమ్మ చేప తోముతున్న చెయ్యి ఆపింది.

"అయితే మనం ముట్టుకోనంతకాలం మనం బాగున్నట్టా?"

"అలగే అన్నాడు. మనం ముట్టుకుంటేనే మనకి పెమాదమంట."

"సదువుకున్నోళ్ళు," అంది కొర్లమ్మ. అది పొగడ్తో తిట్టో గురుతులుకి ముప్ఫయ్యేళ్ళ కాపరంలో ఎప్పుడూ అంతుచిక్కలేదు.

*

కార్తీకంలో గాలి తిరిగింది. రేడియోలో హెచ్చరిక వచ్చిన ఉదయమే పట్నం నుంచి పారొచ్చే గెడ్డవాగు కల్వర్టు మీదుగా బస్సులు పాలెంలోకి వచ్చాయి. అన్నీ ఖాళీవే.

కొర్లమ్మ గుండె నిండిపోయింది. ప్రభుత్వమంటే ఇదీ అనుకుంది. వీధివీధికీ తిరిగి గొంతెత్తి అరిచింది. "బేగి రండర్రా! ముసిలోళ్ళని ముందెక్కించండి! ఒలే సింహాచలం, ఆ కోళ్ళగంప ఒగ్గేసి పిల్లని సంకనెత్తుకో!"

జనం మూటలతో బస్సుల దగ్గరికి చేరారు. మొదటి బస్సు తలుపు తెరుచుకుంది. వెనకాలే వచ్చిన జీపులోంచి సిబ్బంది దిగి, నేరుగా గుండుమేడలోకి వెళ్ళి, జాకెట్లు మోసుకొచ్చి సీట్లలో కూర్చోబెట్టసాగారు. ఒక్కో సీటుకి ఒక్కో జాకెట్టు. కుదుపులకి కిందపడకుండా ఒక్కోదానికి బెల్టు కూడా పెట్టారు. కిటికీ పక్క సీట్లు టార్చిలైట్లకి దక్కాయి.

"బాబూ, మనుసులో?" అంది కొర్లమ్మ.

"ముందు వనరులు," అన్నాడు ఇందుశేఖరం, చేతిలోని కాగితం మీద టిక్కులు పెడుతూ.

"తరవాత?"

"తరువాత మాన్యువల్స్."

పుస్తకాల కట్టలు కూడా బస్సెక్కాయి. ఒక ముసలాయన ఎవరూ చూడకుండా జాకెట్ల మధ్య ఇరుక్కుని కూర్చుంటే, లెక్కలో ఒకటి ఎక్కువొచ్చి ఆయన్ని దింపేశారు.

"మరి మేం ఎక్కడికి పోవాల?" గురుతులు అడిగాడు.

"మీకు స్వయం తరలింపు విధానం వర్తిస్తుంది."

"అంటే?"

"నడక."

సరుకంతా వెళ్ళిపోయింది కదా, ఖాళీ మేడ తమకు వదిలేస్తారని కొర్లమ్మ ఆశపడింది. కానీ ఇందుశేఖరం వెనక్కి వచ్చి స్వయంగా తాళం వేశాడు. వనరుల జాబితాలో మొదటి వనరు భవనమేనట. మనుషులు ఎక్కితే అరుగుతుందట.

వాన మొదలైంది. పాలెం నడిచింది. పక్క ఊరి బడి చేరడానికి సగం దూరంలో ఉండగా ఎవరి కొట్టానిదో రేకు ఒకటి గాలికి లేచి, గాలిపటంలా తిరిగి తిరిగి వచ్చి గురుతులు మోకాలిని కొట్టింది. మిగతా దూరం అతన్ని వలలో వేసి మోశారు.

నెల తిరక్కుండా పేపర్లో ఇందుశేఖరం ఫొటో పడింది. తుపానులో వనరులకు ఒక్క రూపాయి నష్టం జరగని ఏకైక జిల్లాగా అవార్డు వచ్చింది. గురుతులు వనరుల జాబితాలో లేడు గనక అతని మోకాలు ఆ లెక్కలోకి రాలేదు.

*

సరుకంతా మళ్ళీ మేడలోకి చేరింది. అవార్డు వచ్చాక ఉత్సాహం పెరిగింది. మాక్ డ్రిల్ పెట్టారు. పాలెం జనాన్ని తాడు అవతల నిలబెట్టి, ఆఫీసు సిబ్బందే మునిగిపోతున్నవాళ్ళుగా, కాపాడేవాళ్ళుగా, కాపాడినందుకు ఏడ్చేవాళ్ళుగా నటించారు.

"బాబూ, మునిగీది మేవే కదా. మమ్మల్ని ముంచొచ్చు కదా," అంది కొర్లమ్మ.

"మీరు నిజం మనుషులమ్మా. క్రమశిక్షణ ఉండదు. నిజంగా అరుస్తారు. డ్రిల్లు పాడైపోతుంది."

ఆ తరువాత వారం రోజులకి అసలు సంగతి జరిగింది. మేడలో ఎలకలు పడ్డాయి. ఒక జాకెట్టు భుజం కొరికేశాయి.

ఇందుశేఖరం ముఖం పాలిపోయింది. కొరికిన జాకెట్టు జాబితాలో ఉంటే శాతం పడిపోతుంది. అందుకని దాన్ని కండెమ్ చేశాడు. పనికిరాదని రాసి, సంతకం పెట్టి, జాబితాలోంచి కొట్టేసి పారేయడాన్ని ఆఫీసు భాషలో కండెమ్ అంటారు. జాబితాలో లేనిది లోపల ఉండటం కూడా తప్పే గనక దాన్ని గోడ అవతలికి విసిరేశారు.

అది గురుతులు తమ్ముడి కొడుకు అప్పన్నకి దొరికింది. ఆ నెలలోనే సొరచేప తగిలి అప్పన్న పడవ బోల్తాపడింది. ఒక పగలంతా నీళ్ళమీద తేలి, ఎలకలు కొరికిన జాకెట్టుతో, ఎండకి కమిలిన ముఖంతో నవ్వుకుంటూ ఒడ్డుకొచ్చాడు.

కొర్లమ్మ కొడుకువరస వాణ్ణి కౌగలించుకుని ఏడ్చింది. ఏడుస్తూ ఏడుస్తూ ఠక్కున ఆగింది. జాకెట్టు భుజం కేసి చూసింది. తరువాత దిబ్బమీద మేడకేసి చూసింది.

"ఏటే, అలా సూస్తన్నావు?" అన్నాడు గురుతులు.

"మావా, వాళ్ళు బాగుందన్నది మనకి రాదు. పాడైపోనాదన్నది మనదైపోతాది."

"అయితే?"

"ఏటీ నేదు. ఆ ఎలకలకి రెండు ఎండుసేపలు ఎయ్యమను. బతకనీ."

ఎలకల మీద పాలెంలో ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది. ఎదురైతే పక్కకి తప్పుకునేవారు. ఈ సంగతి పసిగట్టిన ఇందుశేఖరం జిల్లా నుంచి రెండు పిల్లుల్ని తెప్పించి జాబితాలో చేర్చాడు. వాటినీ లోపల పెట్టి తాళం వేశాడు. వనరుగా నమోదైన పిల్లి ఎలకను తింటే అజీర్ణం చేసి సంసిద్ధత దెబ్బతినవచ్చని, వాటికి వేరే పాలు ఏర్పాటయ్యాయి. ఎలకలు కూడా ఆ పాలే తాగి బలిశాయి.

*

రెండో గాలి మొదటిదాని లాంటిది కాదు.

రేడియో గొంతు మారింది. సముద్రం మట్టిరంగుకి తిరిగింది. పీతలు గట్టెక్కి ఇళ్ళలోకి వస్తున్నాయి. కిందటిసారి వరదకి గెడ్డ మీద కల్వర్టు సగం కొట్టుకుపోయి, మిగతా సగం మీద ఇసుక బస్తాలు వేశారు. గెడ్డ పొంగితే పాలెం లంక అయిపోతుంది. పక్క ఊరికి నడుద్దామంటే ముసలివాళ్ళకు అంత వ్యవధి లేదు. గురుతులైతే కర్ర లేకుండా గుమ్మం కూడా దాటలేడు.

మిగిలింది ఒక్క గుండుమేడ. దానికి తాళం.

"గునపం పట్టుకొత్తాను పెద్దమ్మా. దెబ్బకి బద్దలైపోద్ది," అన్నాడు అప్పన్న.

"బద్దలుకొడితే గవర్నమెంటు ఆస్తి అని కేసెడతారు. రేపు గాలెల్లిపోయినా కేసెల్లదు," అంది కొర్లమ్మ. "నువ్వూరుకో. ఆ తాళం ఆయన సేతే తీయిస్తాను. తీయించడమే కాదు, ఆయన సేతే పట్టుకెళ్ళిపోయేలా సేస్తాను."

ఫోను తీసుకుని దిబ్బ ఎక్కింది. సిగ్నల్ అక్కడే ఉంటుంది.

"బాబూ, కొర్లమ్మని. అంతా బాగున్నాం. మా గురించి కాదు బాబూ, మీ జాకెట్ల గురించి."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు.

"జాకెట్లకేమైంది?"

"ఇంకా ఏటీ అవ్వనేదు. కానీ ఈ మేడ సూత్తంటే నాకు బయ్యంగా ఉన్నాది. పాతదైపోనాది. గాలికి స్లాబు ఊడి మీ జాకెట్లమీద పడిపోతే? పిల్లులున్నాయి బాబూ లోపల. నోరునేని జీవాలు."

గంటలో జీపు, దాని వెనక ఖాళీ బస్సులు వచ్చాయి. ఇందుశేఖరంతో పాటు ఇంజనీరు బెహరా కూడా దిగాడు. వానకోటు తొడుక్కున్న బక్కపలచటి మనిషి. సుత్తితో స్తంభాలన్నీ కొట్టి చూశాడు. సుత్తి ఎగిరి వెనక్కి వచ్చిందే గాని, పెచ్చు కూడా రాలలేదు. గోడల చుట్టూ తిరిగాడు. పగులన్నది లేదు.

"సార్, రాయిలాగుంది. ఈ తాలూకాలో ఇంత గట్టి బిల్డింగు ఇంకోటి లేదు," అన్నాడు.

కొర్లమ్మ గుండె జారింది. కాని గొంతు జారనివ్వలేదు.

"అలగైతే ఆ మాటే కాయితం మీద రాసీండి బాబూ. ఈ గాలికి దీనికేటీ అవ్వదని రాసి సంతకం ఎట్టీండి. మా దయిర్నం కోసం."

బెహరా పెన్ను తీశాడు. రాయబోయి ఆగాడు. సముద్రం వైపు చూశాడు. దిబ్బ కింద అల ఒకటి లేచి, పడవ షెడ్డును చూస్తూండగానే మింగేసి వెనక్కి పోయింది.

"సార్," అన్నాడు నెమ్మదిగా. "గట్టిదని రాస్తాను. పడిపోయిందనుకోండి, నా ఉద్యోగం పోతుంది."

"పోతుంది," అన్నాడు ఇందుశేఖరం.

"గట్టిది కాదని రాస్తాను. పడకుండా నిలబడిందనుకోండి..."

"ఎవరూ అడగరు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ చూపులో ఉన్నంత ఏకాభిప్రాయం జిల్లాలో ఏ సమావేశంలోనూ ఎన్నడూ కుదరలేదు.

బెహరా రాశాడు. 'నిర్మాణ సామర్థ్యంపై నిశ్చయాత్మక అభిప్రాయం వెలిబుచ్చుటకు అవకాశం లేని కారణమున, సదరు భవనము ప్రమాదకరమైనదిగా భావించి కండెమ్ చేయడమైనది.' ఇందుశేఖరం కింద సంతకం పెట్టాడు. ఎర్రరంగుతో గోడమీద రాయించారు: 'ప్రమాదకర భవనం. ఇందులో ప్రవేశించేవారికి ఏమి జరిగినా ఈ శాఖకు ఎట్టి బాధ్యత లేదు.'

వెంటనే పని మొదలైంది. జాబితాలో లేని భవనంలో జాబితాలోని వనరులు ఒక్క నిమిషం కూడా ఉండరాదు. జాకెట్లు బస్సెక్కాయి. దీపాలెక్కాయి. పిల్లులు డ్రైవరు పక్క సీటెక్కాయి. వాటన్నిటినీ పట్నంలో గెడ్డ ఒడ్డునున్న కల్యాణ మండపంలో పెడుతున్నామని, అది మంచి చల్లని చోటని ఇందుశేఖరం చెప్పాడు.

చివరికి ఆయన తలుపు దగ్గర ఆగిపోయాడు. చేతిలో తాళం ఉంది.

కొర్లమ్మ ఆ చేతికేసే చూసింది. అలవాటు చొప్పున వేసేస్తాడా?

ఇందుశేఖరం తాళం కేసి చూశాడు. జాబితా కేసి చూశాడు. "తాళం కూడా వనరే కదూ?"

"ఆఖరి వనరు సార్," అన్నాడు బెహరా జాబితా చూసి.

"కండెమ్ భవనానికి వనరును తగిలించి వెళ్ళడం నిబంధనలకు విరుద్ధం."

తాళాన్ని వెల్వెట్ గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. జీపెక్కుతూ కొర్లమ్మకి జాగ్రత్త చెప్పాడు. "అమ్మా, గోడమీద రాసింది చదివావుగా. లోపలికి ఎవరూ వెళ్ళకండి. వెళ్తే మాకు సంబంధం లేదు."

"సంబందం నేదు కదా బాబూ? కాయం కదా?"

"ఎట్టి పరిస్థితుల్లోనూ లేదు."

"సల్లగా ఎల్లి రండి బాబూ," అంది కొర్లమ్మ, మనస్ఫూర్తిగా.

జీపు ఇసుక బస్తాలు దాటి మలుపు తిరిగిందో లేదో, కొర్లమ్మ కేక పాలెం చివరిదాకా వినిపించింది. గురుతుల్ని వలలో వేసి ముందు ఎక్కించారు. సింహాచలం ఈసారి కోళ్ళగంపతో సహా ఎక్కింది. ఎవరూ ఏమీ అనలేదు. ఆఖరి మనిషి మెట్లెక్కేసరికి గెడ్డ కల్వర్టును మింగేసింది.

ఆ గాలి గురించి పాలెంలో ఇప్పటికీ గొంతు తగ్గించే మాట్లాడతారు. కొబ్బరిచెట్లు అగ్గిపుల్లల్లా విరిగాయి. ఇళ్ళ కప్పులు ఒకదాని వెంట ఒకటి లేచిపోతుంటే, ఏది ఎవరిదో మేడ కిటికీలోంచి చూసి చెప్పుకున్నారు. సముద్రం దిబ్బ ఎక్కి స్తంభాల్ని చుట్టుకుంది. ఒక అలకి మేడ మొత్తం మోగింది. ఆడవాళ్ళు అరిచారు.

కొర్లమ్మ గురుతులు చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మావా, ఆ ఇంజనీరు రాసిందే నిజమైతే?"

"రాసినోడే నమ్మనేదు. నువ్వెందుకు నమ్ముతావు?" అన్నాడు గురుతులు.

గుండుమేడ కదల్లేదు.

తెల్లారి గాలి తగ్గింది. ఒక్కొక్కరూ కిందికి దిగుతున్నారు. ఎవరికీ గీత కూడా పడలేదు. కొర్లమ్మ మాత్రం దిగలేదు. తలుపుల దగ్గర నిలబడి వాటిని పైనుంచి కిందిదాకా చూసింది. మంచి టేకు చెక్క.

"అప్పన్నా, నిన్న గునపమన్నావు కదూ. ఇప్పుడు పట్రా."

*

కల్యాణ మండపానికి రేకుల కప్పు. అది తొలిగాలికే లేచిపోయింది. తరువాత గెడ్డ లోపలికి వచ్చి ప్రతి జాకెట్టునూ మర్యాదగా బయటికి తీసుకుపోయింది. పట్నం దగ్గర గెడ్డలో పడ్డది ఏదైనా చివరికి చేరేది ఉప్పుగెడ్డపాలెమే. మూడోనాటి ఉదయానికి ఒడ్డు పొడుగునా నారింజరంగు జాకెట్లు, బంతిపూలు పరిచినట్టు. పిల్లులు రబ్బరు పడవ మూట మీద కూర్చుని పొడిగా, కోపంగా దిగాయి. పుస్తకాలు మాత్రం రాలేదు. చేపలు చదువుకుంటున్నాయన్నాడు గురుతులు.

నీళ్ళు తీశాక ఇందుశేఖరం వచ్చాడు. వెనకాల బెహరా. పాలెంలో ముసలివాళ్ళ దగ్గర్నుంచి అందరూ జాకెట్లు తొడుక్కుని ఎదురొచ్చారు.

"తడిసిపోయాయే!" ఆయన ఎదురొచ్చిన జాకెట్టునల్లా తడిమి చూశాడు. "అన్నీ తడిసిపోయాయే!"

"తడిసినవి జాబితాలో ఉంటే శాతం..." బెహరా గుర్తు చేశాడు.

ఒడ్డునే, పడవ మీద కాగితం పెట్టుకుని, తడిసినవన్నీ కండెమ్ చేశాడు ఇందుశేఖరం. పిల్లులు కూడా జాబితాలోంచి పోయాయి. అవి తడవలేదు గాని పిలిస్తే రాలేదు. పాలెం జనం తమ జాకెట్లు ఇప్పుడు నిజంగా తమవేనని తెలిసి, బెల్టులు సరిచేసుకున్నారు.

"ఇంకేం మిగిలింది?" అన్నాడాయన నీరసంగా.

"మీ జేబులో తాళం సార్. అదొక్కటే తడవలేదు."

ఇందుశేఖరం తలెత్తాడు. దిబ్బమీద గుండుమేడ, ఎర్ర అక్షరాలతో, నిటారుగా నిలబడి ఉంది.

"బెహరా! ఇంత గాలికి నిలబడిందంటే?"

"గట్టిదే సార్. ఇప్పుడు ఎక్కడ కావాలంటే అక్కడ సంతకం పెడతాను."

"కండెమ్ ఉత్తర్వు రద్దు! భవనం మళ్ళీ వనరు! పద, తాళం వేద్దాం."

మెట్లెక్కుతూ ఆయన నడకలో పాత హుందాతనం వచ్చేసింది. జేబులోంచి వెల్వెట్ గుడ్డ తీశాడు, మడత విప్పాడు, తాళం చేత పట్టుకుని గుమ్మం ముందు నిలబడ్డాడు.

గుమ్మం ఉంది. తలుపుల్లేవు. లోపలి నుంచి సముద్రపు గాలి హాయిగా వీస్తోంది. కోళ్ళగంప పక్కన చాపమీద ఎవరో మొగుడి మీద అలిగి పడుకుని ఉన్నారు.

"తలుపులేవమ్మా?"

"కండెమ్ మేడ తలుపులు కదా బాబూ," అంది కొర్లమ్మ. "పాడైపోనాయని మీరే రాసినారు. మరి పారేసినవే కదాని మేం తీసుకున్నాం." ఒడ్డుకేసి చెయ్యి చూపించింది. అక్కడ అప్పన్న కొత్తగా బాగుచేసిన పడవను సముద్రంలోకి తోస్తున్నాడు. కొత్త చెక్కల మీద ఇంకా కొత్త రంగు ఆరలేదు.

"ఆ పడవలోనా?"

"ఆ పడవలోనే. మీరు అడిగితే పీకి ఇచ్చీగలం గానీ, తడిసిపోయుంటాయి బాబూ."

ఇందుశేఖరం జాబితా తెరిచాడు. మూశాడు. తడిసిన తలుపును వనరుగా స్వీకరించే నిబంధన ఎక్కడా లేదు.

కొత్త తలుపుల కోసం ఫైలు కదిలింది. తలుపు అన్నది భవనంలో భాగమా, వనరులో భాగమా అన్న సందేహం మీద అది రాజధానిలో ఆగింది. ఇప్పటికీ అక్కడే ఉంది. గుండుమేడకి ఇప్పటికీ తలుపుల్లేవు, అందుకని అది జాబితాలోకి మళ్ళీ ఎక్కలేదు. గాలి తిరిగినప్పుడల్లా పాలెం ఎక్కుతుంది, దిగుతుంది.

తాళాన్ని మాత్రం జిల్లా ఆఫీసులో గాజుపెట్టెలో పెట్టారు. జాబితాలో వనరు ఒకటి, ఉన్న వనరు ఒకటి, అంటే నూటికి నూరు శాతం. ఆ ఏడాది కూడా జిల్లాకి అవార్డు వచ్చింది. అందుకోవడానికి వెళ్తూ ఇందుశేఖరం కొర్లమ్మని కూడా వేదికమీదికి పిలిపించాడు, సమాజ భాగస్వామ్యం కింద.

ఆమె ఎలకలు కొరికిన జాకెట్టు తొడుక్కుని వెళ్ళింది. చంకలో కొబ్బరికాయ కూడా ఉంది. ఈసారి ఎవరూ చెప్పకముందే కొట్టేసింది.